వాసన గ్రాఫు చదవడం – 4వ పాఠం: గీత లేచేది ఎందుకు, స్పైకులు ఆగేది ఎందుకు

పోయిన పాఠంలో గ్రాఫు పేపరు మీద మైనస్ 65 మిల్లీవోల్టుల దగ్గర ఒక అడ్డ గీత గీయమన్నాను కదా, అది బయటికి తీయండి. వాసనేమీ తగలనప్పుడు ముక్కు పైభాగంలో ఉండే వాసన కణం, అంటే వాసనను పసిగట్టే నాడీకణం, లోపలి వోల్టేజి ఇంచుమించు అక్కడే ఉంటుంది. గ్రాఫులో గీత అంటే ఆ వోల్టేజే. ఇవాళ దాన్ని కదిలిద్దాం.

ముందొక మాట. మాది గుంటూరు, ఇక్కడ ఎవరినడిగినా మొదటి ఉదాహరణగా మిర్చి యార్డు ఘాటే చెబుతారు. టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపుతుంటే ముక్కు మండి తుమ్ములొచ్చేది ఈ కణాల వల్ల కాదండీ. ఎండుమిర్చికి వాసన ఉంది నిజమే, కానీ మంట పుట్టించే క్యాప్సైసిన్‌ని పసిగట్టేది ట్రైజెమినల్ అనే వేరే నాడి. కాబట్టి మనం మల్లెపూలు తీసుకుందాం.

మల్లె వాసన అణువులు ముక్కులోని జిగురులో కరిగి, కణం కొసన ఉండే సన్నని నూగు మీది రిసెప్టర్లకు, అంటే వాసనను పట్టుకునే ప్రోటీన్లకు, అతుక్కుంటాయి. ఈ రిసెప్టర్ల జన్యువులను లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో కనిపెట్టారు, 2004లో నోబెల్ వచ్చింది. రిసెప్టర్ కదిలితే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే అణువు పెరుగుతుంది, అది కణం పొరలోని గేట్లు తెరుస్తుంది, ప్లస్ ఛార్జి ఉన్న సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి, గీత పైకి లేస్తుంది. ఇన్ని మెట్లు ఎక్కాలి కాబట్టి వాసన తగలగానే లేవదు, కాస్త ఆగి లేస్తుంది. ఆ ఖాళీని మీ బొమ్మలో తప్పకుండా చూపించండి.

ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఉంది. పెద్దవాళ్ల మెదడులోని నాడీకణాల్లో చాలావాటికి క్లోరైడ్ గేటు తెరిస్తే క్లోరైడ్‌తో పాటు దాని మైనస్ ఛార్జి లోపలికొచ్చి కణం శాంతిస్తుంది, కానీ వాసన కణం ముందే క్లోరైడ్‌ని లోపల దాచిపెట్టుకుంటుంది, కాల్షియం రాగానే ఆ గేట్లు తెరుచుకుని మైనస్ బయటికి పోతుంది, దాంతో గీత ఇంకా పైకెళుతుంది. ఎలుకల కణాల్లో ఈ కరెంటులో ఎక్కువ భాగం క్లోరైడ్‌దే.

ఇక స్పైకులు, అంటే కణం మెదడుకి పంపే క్షణకాలపు వోల్టేజి దెబ్బలు. గీత ఒక హద్దు దాటితే నిలువు ముళ్లలా వస్తాయి. వాసన కాస్త పెరిగితే స్పైకులూ పెరుగుతాయి, మరీ ఎక్కువైతే మాత్రం మొదట గబగబా వచ్చి, ఎత్తు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతాయి, స్పైకుల కింద ఉండే అడుగు గీత మాత్రం పైనే ఉంటుంది. ఎందుకంటే కణం అంత పైన నిలిచిపోతే స్పైకు పుట్టించే సోడియం గేట్లు మళ్లీ సిద్ధం కాలేవు. కొత్తవాళ్లు స్పైకులు లేవు కదా అని 'వాసన పోయింది' అని రాసేస్తారు. అలా రాయకండి, ముందు అడుగు గీత చూడండి. వాసన అలాగే ఉన్నా అడుగు గీత కూడా మెల్లగా దిగుతోందా, అయితే అది అలవాటు పడటం, లోపలికొచ్చిన కాల్షియమే కణాన్ని మొద్దుబారుస్తోంది.

ఇప్పుడు రెండు బొమ్మలు గీయండి, ఒకటి దూరం నుంచి వచ్చే మల్లె వాసనకి, ఒకటి మూరెడు దండ ముక్కు దగ్గర పెట్టుకున్నందుకు.

ఇంకో పని కూడా. 1956లో ఒట్టోసన్ అనే శాస్త్రవేత్త కప్ప ముక్కు లోపలి పొర పైన ఎలక్ట్రోడు పెట్టి కొలిస్తే వాసనకి మైనస్ వోల్టేజి వచ్చింది. కణం లోపల ప్లస్ వైపుకి లేస్తుంటే బయట మైనస్ ఎందుకు? వచ్చే పాఠానికి రాసుకుని రండి.