డిపాజిట్ పేరుతో బీమా పాలసీ అంటగడితే ఫిర్యాదు చేయడం ఎలా?

గడువు తీరిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను రెన్యూవల్ చేయించుకుందామని వెళ్లిన పెద్దవారికి, వడ్డీ ఎక్కువ వస్తుందని నమ్మబలికి జీవిత బీమా పాలసీని అంటగట్టడం మన బ్యాంకుల్లో కొత్తేమీ కాదు. మరుసటి ఏడాది రెండో ప్రీమియం కట్టమని సందేశం వచ్చేదాకా చాలామందికి సంగతి తెలియదు. అందుకే ఇంట్లో పెద్దవారి చేతికి బ్యాంకు ఇచ్చిన కాగితాన్ని వెంటనే చదవాలి. అందులో ‘ప్రీమియం’, ‘సమ్ అష్యూర్డ్’ (బీమా మొత్తం) అన్న మాటలు కనిపిస్తే అది డిపాజిట్ కాదు. డిపాజిట్లకు 5 లక్షల రూపాయల వరకు ఉండే డీఐసీజీసీ (బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే సంస్థ) రక్షణ దానికి వర్తించదు.

2024లో బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన నిబంధనల ప్రకారం, పాలసీ పత్రం అందిన రోజు నుంచి 30 రోజుల లోపు దానిని వద్దనుకునే హక్కు ఉంది. దీన్నే ఫ్రీ లుక్ అంటారు. ఈ గడువులో ఉన్నవారు బ్యాంకు సిబ్బందితో వాదనకు దిగకుండా నేరుగా బీమా కంపెనీకి రాసి, అందినట్లు రసీదు తీసుకోవాలి; స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్షల ఖర్చు, బీమా రక్షణ ఉన్న రోజులకు అయిన మొత్తం వంటివి మినహాయించుకుని మిగతా సొమ్ము వాపసు ఇస్తారు. ‘వచ్చే నెల చూద్దాం, సార్’ అన్న మాటకు ఆగితే ఈ గడువు కాస్తా దాటిపోతుంది.

గడువు దాటినవారికి కీలకమైనది ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం ఇచ్చిన దరఖాస్తు. సంతకం మనదే అయినా, గళ్లు నింపేది సాధారణంగా బ్యాంకు ఉద్యోగే. నెలకు 22,000 రూపాయల పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేని మనిషికి వార్షికాదాయం 8 లక్షలని, వృత్తి వ్యాపారమని రాసి ఉంటే, ఆ ఒక్క కాగితమే మీ తరఫు సాక్ష్యం. ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవేనా అన్నదీ చూడాలి. ఫారం ప్రతిని, మీరు సంతకం చేసిన బెనిఫిట్ ఇలస్ట్రేషన్‌ను (రాబడి అంచనాల పట్టికను), పాలసీ జారీకి ముందు ధ్రువీకరణ కోసం ఫోన్ చేసి ఉంటే ఆ రికార్డింగును కంపెనీ నుంచి రాతపూర్వకంగా అడగండి.

ఫిర్యాదులో రాబడి తక్కువ వచ్చిందని రాస్తే, మార్కెట్ ఒడిదుడుకులకు తమ పూచీ లేదన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అసలు తగువు చెప్పిన మాట మీద, దాచిన విషయం మీద ఉండాలి. ‘డిపాజిట్ రెన్యూవల్ కోసం ఫలానా తేదీన వచ్చిన నాకు, ఏటా ప్రీమియం కట్టాలని గాని, అయిదేళ్ల వరకు సొమ్ము తీయడానికి వీల్లేదని గాని చెప్పకుండా ఈ పాలసీ ఇచ్చారు’ అన్న ఒక్క వాక్యం, నాలుగు పేజీల ఆవేదన కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఈ ఫిర్యాదును బ్యాంకుకు, బీమా కంపెనీకి విడివిడిగా పంపాలి. బ్యాంకు 30 రోజుల్లో బదులివ్వకపోయినా, ఇచ్చిన బదులు సంతృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) సీఎంఎస్ అనే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది. బీమా కంపెనీ నెలలోగా తేల్చకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాలి. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. కంపెనీ తిరస్కరించాక ఏడాది లోపే వెళ్లాలి. అదే వివాదం వినియోగదారుల కమిషన్‌లో నడుస్తుంటే బీమా అంబుడ్స్‌మన్ తీసుకోరు కనుక, ముందు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

ఈలోగా రెండో ప్రీమియం ఖాతాలో నుంచి దానంతట అదే కోతపడకుండా ఆటో డెబిట్ అనుమతిని రద్దు చేయించాలా అన్నది పాలసీ రకాన్ని బట్టి ఉంటుంది. యులిప్‌లో (సొమ్ములో కొంత మార్కెట్లో పెట్టే బీమా పాలసీలో) అయిదేళ్లలోపు ప్రీమియం ఆపితే, ఛార్జీలు పోగా మిగిలిన సొమ్ము వేరే నిధికి మారి, ఆ అయిదేళ్లు నిండాకే చేతికి వస్తుంది. మార్కెట్‌తో ముడిపడని సంప్రదాయ పాలసీ అయితే, ఇప్పుడు ఆపితే ఎంత వస్తుందో కంపెనీ చేత కాగితం మీద రాయించుకున్న తర్వాతే నిర్ణయం తీసుకోవాలి.