ప్రాక్టీసు దెబ్బతిన్న టీమ్‌ను ఆట చూసి పట్టేయడం ఎలా

అమెరికాలో ఎమ్మెస్‌కి వచ్చిన మనవాళ్లలో చాలామందికి కాలేజీ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట) అంటే శనివారం పార్కింగ్ దొరక్కపోవడం, అంతే. కాస్త చూడటం అలవాటయ్యాక మాత్రం ఒక డౌటు వస్తుంది: పోయినేడాది అంత బాగా ఆడిన టీమ్ ఇవాళ ఇంత చెత్తగా ఆడుతోందేంటి? స్కోరు చూసి "టీమ్ పోయింది" అనేయడం తేలికే. కానీ ప్రిపరేషన్ ఎక్కడ తెగిందో తెలిస్తే, అది ఆటలో ఎక్కడ బయటపడుతుందో కూడా దాదాపు ముందే తెలిసిపోతుంది.

ముందు ఏం పోయిందో కనుక్కోండి. వసంతంలో 15 ప్రాక్టీసులు ఉంటాయి. అవి పోతే కొత్త కోచ్, కొత్త క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) ఉన్న టీమ్‌కి గట్టి దెబ్బ, పాత కాపులున్న టీమ్‌కి పెద్ద తేడా రాదు. ఆగస్టు క్యాంపు చెడితే ఒంటికే అలవాటు తప్పుతుంది. ఎందుకంటే అక్కడ కూడా మొదటి రెండు రోజులు హెల్మెట్ మాత్రమే, తర్వాత కొన్ని రోజులు భుజాల ప్యాడ్లు, అవయ్యాక గానీ పూర్తి ప్యాడ్లు వేసుకోనివ్వరు, అంటే ఒకరినొకరు గుద్దుకోవడానికి దొరికేదే తక్కువ. ఇక సీజన్ మధ్యలో ఒక వారం పోతే, పోయేది ఆ ఒక్క ప్రత్యర్థి కోసం వేసుకున్న ప్లాన్. రూలు ప్రకారం వారానికి 20 గంటలే, అందులో మ్యాచ్ కింద 3 గంటలు పోతాయి. మంగళ, బుధవారాల్లో రిజర్వు కుర్రాళ్లు స్కౌట్ టీమ్‌గా నిలబడి ఎదుటి టీమ్ ఆడే ఆటను అచ్చు దింపి చూపిస్తారు. ఆ రెండు రోజులు పోతే శనివారం మైదానంలో కనిపించేదంతా మొదటిసారి చూస్తున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు టీవీ ముందు కూర్చోండి. బంతిని వదిలేసి ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) చూడండి, సగం కథ అక్కడే ఉంటుంది. కబడ్డీ చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు: రైడర్ కాలు పట్టాలంటే బలం ఒక్కటే చాలదు, ఏ క్షణాన వంగాలో ఒంటికి తెలియాలి. ఇక్కడా అంతే. దగ్గరికి రాగానే అడుగులు చిన్నవవ్వాలి, నడుము దిగాలి, తల పక్కకి తప్పించి భుజం ఆనించాలి, చేతులు చుట్టేశాక కూడా కాళ్లు ఆగకూడదు. ప్రాక్టీసు లేనివాడు నిలువుగా వచ్చి చేతులు చాస్తాడు, ఎదుటివాడు వాటిని తోసుకుంటూ ఇంకో ఐదారు గజాలు పోతాడు. ఒకసారి జరిగితే సరే, పొరపాటు అనుకుందాం. మొదటి క్వార్టర్‌లోనే నలుగురు వేర్వేరు ఆటగాళ్లు అలాగే జారిపోయారంటే అది క్యాంపులో జరగని పని.

దీనికి నేను అందరికీ చెప్పే మ్యాచ్ 2020 సెప్టెంబర్ 7న అన్నాపోలిస్‌లో జరిగిన నేవీ (అమెరికా నౌకాదళ అకాడమీ టీమ్), బీవైయూ (యూటాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) మ్యాచ్. కోవిడ్ భయంతో నేవీ కోచ్ కెన్ నియుమటలోలో క్యాంపులో తన ఆటగాళ్లను ఒకరినొకరు ట్యాకిల్ చేయనివ్వలేదు, డమ్మీలతోనే సరిపెట్టాడు. గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నట్టే. ప్రేక్షకుల్లేని స్టేడియంలో 55-3తో ఓడారు, తప్పు నాదేనని ఆయనే ఒప్పుకున్నాడు. తర్వాత ప్రాక్టీసులో నిజమైన గుద్దులాటలు మొదలుపెట్టారు. సెప్టెంబర్ 19న టులేన్ యూనివర్సిటీతో సగం ఆటకి 24-0తో వెనకబడి కూడా ఆఖరి కిక్‌తో 27-24తో గెలిచారు! అందుకే చెడిపోయిన మ్యాచ్ ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి, దాని తర్వాతది కూడా చూడండి.

రెండోది, స్నాప్‌కి (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) ముందు ఏం జరుగుతోందో చూడండి. బంతి కదలకముందే లైన్‌లో ఎవడో ఒకడు ఉలిక్కిపడటం (ఫాల్స్ స్టార్ట్, 5 గజాలు వెనక్కి), ప్లే క్లాక్ (స్నాప్ చేయడానికిచ్చే టైమ్) అయిపోవడం, పదకొండు మందికి బదులు పన్నెండు మంది నిలబడటం, మూడో క్వార్టర్ మొదట్లోనే టైమౌట్ తగలేయడం, ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలు. ఎంత టాలెంట్ ఉన్నా పదకొండు మందికి ఒకే లయ కుదరాలంటే కలిసి వందలసార్లు చేయాల్సిందే. డిఫెన్స్‌లో అయితే ఇద్దరు ఆటగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని చేతులు చూపిస్తుంటారు, ఈలోపు వెనక ఎవడో ఒంటరిగా బంతి పట్టుకుని పోతుంటాడు. పంట్లు (బంతిని దూరంగా తన్ని ఎదుటి టీమ్‌కి ఇచ్చేయడం), కిక్కులు కూడా ఓ కంట కనిపెట్టండి, టైమ్ తక్కువైనప్పుడు ముందు కోత పడేది ఆ ప్రాక్టీసుకే.

మూడోది నాలుగో క్వార్టర్, అంటే ఆట ఆఖరి భాగం. అలవాటు తప్పిన ఒళ్లు అలిసిపోయేది అక్కడే. 2005లో కత్రినా తుఫాను తర్వాత ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) స్టేడియం పక్కనున్న బాస్కెట్‌బాల్ హాలే ఆసుపత్రి అయింది. ఆ వెంటనే రీటా తుఫాను వచ్చి టెన్నెసీతో మ్యాచ్‌ను సోమవారానికి నెట్టింది. ఎల్‌ఎస్‌యూ సగం ఆటకి 21-0తో ముందుంది, చివరికి ఓవర్‌టైమ్‌లో 30-27తో ఓడింది. అదే ఏడాది టులేన్ సొంత ఊరు న్యూ ఆర్లీన్స్ వదిలేసి 11 మ్యాచ్‌లు 11 స్టేడియాల్లో ఆడింది, గెలిచింది రెండే. అలాంటి సీజన్‌లో ట్యాకిలింగ్ గురించి మాట్లాడటం నాకైతే సిగ్గుగానే ఉంటుంది.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. ప్రతి ఓటమికీ ప్రాక్టీసునే తిట్టకండి. 2019లో 11-2తో (11 గెలుపులు, 2 ఓటములు) ఆడిన నేవీకి క్వార్టర్‌బ్యాక్ మాల్కమ్ పెర్రీ ఒక్కడే 2,017 గజాలు పరిగెత్తాడు, 2020లో అతను లేడు. టులేన్ మీద అంత అద్భుతంగా గెలిచినా ఆ సీజన్ 3-7తోనే ముగిసింది. అందుకే చూసేముందు రెండు నిమిషాలు ఎవరు వెళ్లిపోయారో, ఎవరికి గాయమైందో చదువుకోండి.

తక్కువ టైమ్ అంటే చెత్త ఆటే అని కూడా ఏం లేదు. 2020 డిసెంబర్ 5న కోస్టల్ కరోలైనాతో ఆడాల్సిన లిబర్టీ కోవిడ్ వల్ల తప్పుకుంటే, గురువారం ఒప్పందం చేసుకుని శనివారానికి బీవైయూ యూటా నుంచి సౌత్ కరోలైనా వచ్చేసింది. బీవైయూ, కోస్టల్ రెండూ అప్పటికి ఓటమి లేని టీమ్‌లు, వారాల తరబడి ఆడుతూ అరిగి నునుపెక్కినవి. పోయింది ఆ ఒక్క వారం ప్లానే, ఒంటి అలవాటు కాదు. ఆట ఆఖరి క్షణం దాకా లాగింది. బీవైయూ ఆటగాణ్ణి గోల్ గీతకి సరిగ్గా ఒక గజం దూరంలో పట్టేసి కోస్టల్ 22-17తో గెలిచింది. ఆ ఆఖరి ట్యాకిల్ వీడియో దొరికితే ఒకసారి ఆపి ఆపి చూడండి, తర్వాత నేవీ మ్యాచ్ పెట్టుకోండి.