డ్యూటీ, ఇల్లు, దేవుడు, కొండ – మూడో పాఠం: మూడు క్యాలెండర్లు, ఒకటే కాగితం

కిందటి పాఠంలో మీకో పని అప్పజెప్పాను. నెల రోస్టర్, అంటే మన నర్సుల డ్యూటీల పట్టిక, రాగానే ఫోన్‌లో ఫోటో తీసుకుని ఊరుకోకుండా, పెద్ద కాగితం మీద ముప్ఫై గళ్లు గీసి మీ చేత్తో ఎక్కించుకోమన్నాను. చేసే ఉంటారు. చెయ్యకపోతే ఆ పని ముగించుకుని రండి, ఈ పాఠమంతా ఆ కాగితం మీదే నడుస్తుంది. డ్యూటీ పెన్నుతో రాశాం. మిగతాదంతా పెన్సిల్‌తో, పక్కన రబ్బరు పెట్టుకుని.

ఈ పాఠంతోనే మొదలుపెడుతున్నవాళ్లకి ఒక్క మాట. నేను పర్లాకిమిడిలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఆయన పాతపట్నంలో టీచరు. రెండు ఊళ్లూ మహేంద్రతనయ ఒడ్డునే ఉన్నాయి, బండి మీద రోజూ వెళ్లి రావచ్చు. కానీ రాష్ట్రాలు వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం మద్రాసులో ఉండిపోయింది. ఆ గీత మా ఇంట్లో ఇప్పటికీ సెలవుల దగ్గర కనిపిస్తుంది. ఆయనకి సంక్రాంతికి వరసగా సెలవులు. మా వార్డులో సగం మంది సెలవు అడిగేది జూన్ మధ్యలో, ఒడియావాళ్ల రజో పండక్కి. పెళ్లయిన మొదటి ఏడు మేమిద్దరం కలిసి ఇంట్లో ఉన్న పండగ ఒక్కటీ లేదు. ఈ కాగితం అప్పుడు పుట్టింది.

ముందు నిద్ర గీయండి

మా దగ్గర మూడు షిఫ్టులు: ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి మళ్లీ పొద్దున 8. మీ దగ్గర వేళలు వేరైనా పద్ధతి ఒకటే. డ్యూటీ రాశాక కాగితం మీదకి ఎక్కాల్సింది నిద్ర. గుడి, సినిమా, అత్తవారింటి ప్రయాణం అన్నీ దాని తర్వాతే. నైట్ దిగిన ప్రతి రోజూ పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా గడిలో అడ్డగీతలు కొట్టండి. అక్కడ ఇంకేదీ రాయకూడదు.

ఎందుకింత పట్టుదలంటే, నాకు జరిగింది చెబుతాను. ఉద్యోగంలో చేరిన మొదటి కార్తీకం. వరసగా మూడు నైట్లు చేసి సోమవారం పొద్దున దిగాను. కార్తీక సోమవారం కదా, ఏట్లో స్నానం చేసి, ఉపవాసం ఉండి, ఆ రోజు ఆఫ్ కూడా కాబట్టి గండాహతి జలపాతం చూసి వద్దామన్నాను. భక్తి, భర్త, బయట తిరుగుడు, మూడూ ఒక్క రోజులో తీరిపోతాయని నా లెక్క. బండి మీద వెనక కూర్చున్నాను. ఒక కల్వర్టు దగ్గర కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు. నా నుదురు ఠక్కున ఆయన హెల్మెట్‌కి కొట్టుకుంది, ఒళ్లు ఎడమవైపుకి జారింది. ఆయన ఒక చేత్తో నా మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో బండి ఆపారు. పడలేదు. అక్కడే ఒక చెట్టు కింద కూర్చుని లెక్క వేసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం 2కి నిద్ర లేచాను. ఇప్పుడు సోమవారం 10. అంటే 20 గంటలుగా మెలకువ, కడుపులో నీళ్లు తప్ప ఏమీ లేవు.

ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు 1997లో తేల్చిన సంగతి ఒకటుంది. ఏకబిగిన 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనంతో సమానమవుతుంది. మన చట్టంలో బండి నడిపేవాడికి హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతమే. ముందు రోజు మధ్యాహ్నం 2కి లేచి, నైట్ చేసి, పొద్దున స్కూటీ మీద ఇంటికి వెళ్లే నర్సు ఆ హద్దు దాటినవాళ్లతో సమానం. అందుకే నైట్ దిగిన పొద్దున నేను బండి తాళం ముట్టుకోను. ఆటో.

టీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య నిద్ర ముంచుకొస్తుంది, ఒంటి వేడి కూడా అప్పుడే బాగా దిగుతుంది, చెయ్యి టీ వైపే పోతుంది. కానీ 2 దాటాక తాగిన టీ పొద్దున మీ నిద్రలోంచే కోత కోస్తుంది. ఆ వేళకి నాలుగడుగులు వెయ్యండి, మొహం కడుక్కోండి. ఇంజెక్షన్ మోతాదు పక్క సిస్టర్‌కి ఒకసారి పైకి చదివి వినిపించండి.

గడియారానికి కట్టకండి, డ్యూటీకి కట్టండి

"రోజూ పొద్దున 6కి దీపం పెడతాను" అని మొక్కుకున్న నర్సు పది రోజుల్లో మొక్కు తప్పుతుంది. షిఫ్టు మారుతుంది, 6 గంటలు ఒక రోజు వంటింట్లో, ఒక రోజు వార్డులో, ఒక రోజు పక్క మీద వస్తాయి. అదే మొక్కుని "డ్యూటీకి గడప దాటే ముందు దీపం" అని మార్చుకోండి. ఏ షిఫ్టైనా గడప దాటక తప్పదు. నేనలాగే పెడుతున్నాను. ఒక్కోసారి ఆ దీపం రాత్రి ఏడున్నరకి వెలుగుతుంది. మా అత్తయ్యకి మొదట్లో నచ్చలేదు. ఇప్పుడు నేను బూట్లు వేసుకుంటుంటే ఆవిడే వత్తి వేసి ఉంచుతున్నారు.

"మీరు చేసే సేవే పూజ, వేరే పూజ ఎందుకు?" అని చాలామంది అంటారు. మంచి మనసుతోనే అంటారు. నేను ఒప్పుకోను. సేవ సేవే, పూజ పూజే. ఆ మాట పట్టుకుని ఊరుకుంటే నెల తిరిగేసరికి దీపం మానేస్తాం, ఏడాది తిరిగేసరికి వార్డులో చేసేది కూడా ఉత్త పనిగా మిగులుతుంది. పది నిమిషాలైనా సరే, దేవుడికి విడిగా ఒక గడి ఉండాలి.

ఇక ఉపవాసాలు. కార్తీక సోమవారం ఉపవాసం అన్ని షిఫ్టులకీ ఒకేలా కుదరదు. ఆ సోమవారం నైట్ ఎక్కేదైతే ఇబ్బంది లేదు: నవంబరులో అయిదున్నరకే చీకటి పడుతుంది, నక్షత్రం చూసి, దీపం పెట్టి, కడుపు నిండా తిని 8కి డ్యూటీకి వెళ్లవచ్చు. మార్నింగ్ అయితే పండు, పాలతో నెట్టుకురావచ్చు. మధ్యాహ్నం షిఫ్టైతే కష్టం, నక్షత్రం వచ్చే వేళకి మీరు మందుల ట్రాలీ దగ్గర ఉంటారు. నైట్ దిగిన సోమవారం అయితే వద్దేవద్దు. గండాహతి దారిలో నేను నేర్చుకున్నది అదే. షుగరున్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా ఏ షిఫ్టులోనూ ఉపవాసం ఉండకండి.

మరి మధ్యాహ్నం షిఫ్టు పడ్డ సోమవారం ఏం చెయ్యాలి? ఇక్కడ మన సరిహద్దు ఊళ్లవాళ్లకి ఒక వరం ఉంది. ఒడియావాళ్ల నెల పూర్ణిమతో ముగుస్తుంది, మన నెల అమావాస్యతో. అందుకని వాళ్ల కార్తీకం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలై, కార్తీక పూర్ణిమతో అయిపోతుంది. మర్నాటి నుంచి వాళ్లకి మార్గశిరం. ఆ నెలలో ప్రతి గురువారం ఇల్లు అలికి, ముగ్గు పెట్టి, మాణంలో, అంటే ధాన్యం కొలిచే పాత్రలో, కొత్త ధాన్యం పోసి లక్ష్మిని నిలుపుకుంటారు. మాణబసా అంటారు. మనకి మాత్రం ఇంకా కార్తీక సోమవారాలు మిగిలే ఉంటాయి. 2025లో కార్తీక పూర్ణిమ నవంబరు 5న వచ్చింది. ఆ తర్వాత మాకు 10, 17 తేదీల్లో సోమవారాలు, మా వార్డులో ఒడియా దీదీకి 6, 13, 20 తేదీల్లో గురువారాలు. ఒకరి రోజు ఇంకొకరికి అడ్డం రాదు.

"దీదీ, 17న నా మధ్యాహ్నం షిఫ్టు మీరు చేస్తారా? 20న మీ మార్నింగ్ నేను చేస్తాను."

"చేస్తా గానీ, 19 నైట్ కూడా నాకు పడకుండా చూడు. తెల్లారకముందే ముగ్గులు వెయ్యాలి."

మాటలు రెండే, కానీ కాగితం ముందుండబట్టే అంత తొందరగా తెగింది. క్రైస్తవులైన చెల్లెళ్లతోనూ ఇంతే. ఆదివారం పొద్దున ఆరాధన వాళ్లకి ముఖ్యం, మనకి ఆదివారం మార్నింగ్ చెయ్యడం పెద్ద కష్టం కాదు. క్రిస్మస్‌కి మీరు నిలబడితే సంక్రాంతికి వాళ్లు నిలబడతారు. ముందు మీరు ఇచ్చి, తర్వాత అడగండి. ఆ నెల బాకీ ఆ నెలలోనే తీర్చెయ్యండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నోటిమాట మీద డ్యూటీ మార్చుకోకండి. మార్పు పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, ఇన్‌ఛార్జి సిస్టర్‌తో కూడా పెట్టించండి. ఆ పూట ఏ పేషెంటుకి ఏం జరిగినా, రోస్టర్‌లో ఎవరి పేరుందో వాళ్లే జవాబు చెప్పాలి.

గాజుల డబ్బా

కొత్త పెళ్లికూతురు నర్సైతే ఇంట్లో మొదటి తగువు గాజుల మీదే వస్తుంది. చేతుల శుభ్రతకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది: హ్యాండ్‌రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. మణికట్టు నిండా గాజులుంటే ఎంతసేపు రుద్దినా వాటి కింద చర్మం శుభ్రపడదు. ఉంగరం కిందా అంతే. మోచేతి కిందనుంచి చేతులు బోసిగా ఉండాల్సిందే.

కానీ గాజు చిట్లితే "చిట్లింది" అనడానికి కూడా నోరు రాక "పెరిగింది" అనే ఇళ్లు మనవి. పొద్దున్నే కోడలు చేతులు బోసిగా పెట్టుకుని గడప దాటుతుంటే పెద్దవాళ్లకి గుండె గతుక్కుమంటుంది. అది చాదస్తమని కొట్టిపారెయ్యకండి. నేను చేసింది ఇది. దేవుడి గూట్లో ఒక చిన్న స్టీలు డబ్బా పెట్టాను, అడుగున పసుపు గుడ్డ పరిచాను. డ్యూటీకి వెళ్లేముందు దీపం పెట్టి, గాజులు ఒక్కొక్కటీ అమ్మవారి ముందే ఆ డబ్బాలోకి. తాళి, నల్లపూసలు యూనిఫాం లోపలికి. మెట్టెలు బూట్లలో ఉంటాయి, వాటితో పేచీ లేదు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, మళ్లీ వేసుకుంటాను. ఆకుపచ్చ మట్టిగాజులు, చేతికి ఆరు. గాజుల చప్పుడు వినిపించిందంటే నేను ఇంట్లోకి వచ్చినట్టు. అప్పటిదాకా మా ఆయన కరెంటు బిల్లు సంగతి కూడా ఎత్తరు.

ఇంట్లో హ్యాండోవర్

ఎస్‌బార్, పేషెంటు సంగతి ఇంకొకరికి అప్పజెప్పే పద్ధతి, మనందరం నేర్చుకున్నదే: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, వెనక ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, నాకేం కావాలి. అమెరికా నౌకాదళంలో పుట్టి ఆసుపత్రుల్లోకి వచ్చిన పద్ధతి. అది ఇంట్లోనూ పనికొస్తుంది. గాజులు వేసుకున్నాక రెండు నిమిషాలు చాలు.

"ఏమండీ, తల పట్టేసింది. మూడు నైట్లలో కలిపి పన్నెండు గంటలు కూడా నిద్ర లేదు. ఇప్పుడేం మాట్లాడినా విసుక్కుంటాను. 2 దాకా ఎవరినీ లేపనివ్వకండి, సాయంత్రం నీలమణి దుర్గమ్మ గుడికి వెళ్దాం."

ఆయన కూడా తన నాలుగు మాటలూ చెప్పాలి. పిల్లలతో వేగి వచ్చిన మనిషికీ అలసట ఉంటుంది, మనది ప్రాణాల మీద పని కదా అని ఆయన అలసటని చిన్నది చెయ్యకండి. పేషెంటు పేరు, జబ్బు మాత్రం గడప ఇవతలికి రాకూడదు, భర్త దగ్గరైనా సరే.

కొండకి ఏ గడి?

నైట్ దిగిన రోజు ఆఫ్ ఉన్నా అది నిద్ర గడే. కొండకి దాని మర్నాడు. రెండు రోజులు కలిసిరాని నెలలో కొండ ఊసెత్తకండి. నిద్ర లేచాక, పొద్దు కుంకకముందు ఏటి గట్టు మీద ఇరవై నిమిషాలు ఇద్దరూ నడవండి, కళ్లకి వెలుగు తగలాలి. ఆ నెలకి అదే కొండ.

మహేంద్రగిరి మాత్రం ఏడాదికొకసారి మేం వదులుకోం. 1,501 మీటర్ల ఎత్తు, పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి. శివరాత్రికి జనం తండోపతండాలుగా ఎక్కుతారు. ఆ రాత్రి జాగారం కాబట్టి దాని ముందు రోజు నైట్ ఉండకూడదు, మర్నాడు డ్యూటీ ఉండకూడదు. అంటే మూడు గళ్లు. వార్డులో అందరూ అడిగే సెలవు కూడా అదే, కాబట్టి నేను జనవరి మొదటి వారంలోనే దరఖాస్తు ఇస్తాను. దొరకని ఏడు పౌర్ణమి చూసుకుని వెళ్తాం, అప్పుడు రద్దీ కూడా తక్కువ.

ఈ వారం పని

మీ కాగితం తీయండి. నిద్ర గళ్లకి అడ్డగీతలు కొట్టండి. ఇంటాయన సెలవులు, లేదా ఇంటావిడ సెలవులు, ఎర్ర పెన్సిల్‌తో. తెలుగు క్యాలెండర్‌లో మీ పూజ రోజులు, ఒడియా పాంజీలో, అంటే వాళ్ల పంచాంగంలో, మీ పక్క సిస్టర్ పూజ రోజులు, రెండూ రాయండి. ఢీకొన్న గళ్ల చుట్టూ సున్నా చుట్టండి. మూడు సున్నాల కంటే ఎక్కువ వస్తే భయపడకండి, అందులో ఒక్కటి ఎంచుకుని, దానికి మాత్రమే ఈ వారం మార్పు అడగండి. పుస్తకంలో సంతకం అయ్యాకే పెన్సిల్ గీత మీద పెన్ను పెట్టండి.

వచ్చే పాఠం కడుపుతో ఉన్న నర్సుల నైట్ డ్యూటీ గురించి. ఈ కాగితమే మళ్లీ కావాలి, పారెయ్యకండి.