కలర్ ఫిల్మ్‌తో పోర్ట్రెయిట్లు – 4వ పాఠం: డయల్ ఎటు తిప్పాలి?

పోయిన పాఠంలో "పోర్ట్రా 400కి ఒక స్టాప్ వెలుగు ఎక్కువివ్వండి" అని రాసి ఊరుకున్నాను. (పోర్ట్రా 400 కొడాక్ వాళ్ల కలర్ నెగటివ్ ఫిల్మ్; ఒక స్టాప్ ఎక్కువంటే వెలుగు రెట్టింపు, తక్కువంటే సగం.) కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కి ఫిల్మ్ వేగం (ఐఎస్‌ఓ) చెప్పే డయల్ ఎటు తిప్పాలో చెప్పలేదు, తెలిసిందే కదా అనుకున్నాను. మీ నెగటివ్‌లు చూస్తే చాలామంది 800కి తిప్పారని తెలిసిపోయింది. వెలుగు ఎక్కువంటే అంకె పెద్దదనుకున్నారు. పొరపాటు నాదే.

డయల్ 200కి రావాలి. ఫిల్మ్ మారదు, అది 400 ఫిల్మే. "ఇది కాస్త మందకొడి ఫిల్మ్, వెలుగు ఎక్కువ కావాలి" అని మీటర్‌కి అబద్ధం చెబుతున్నాం, అంతే. 800 పెట్టినవాళ్లకి ఇవ్వాల్సిన వెలుగు ఇవ్వకపోగా ఇంకో స్టాప్ తగ్గింది. నెగటివ్‌ని కిటికీకి ఎదురుగా పట్టుకుని జుట్టు చూడండి. పాయలు కనిపించకుండా, ఫిల్మ్ అంచులాగే ఖాళీ నారింజ రంగులో ఉంటే అక్కడ ఏమీ పడలేదన్నమాట. స్కానర్ కూడా తేలేదు, బురద రంగూ గ్రెయినూ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) తప్ప. అదే రెండు స్టాపులు ఎక్కువైనా ఈ ఫిల్మ్ నవ్వుతూ భరిస్తుంది.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. "200లో తీశానండీ" అని ల్యాబ్‌లో చెప్పకండి! సీ-41 (కలర్ నెగటివ్‌లు కడిగే పద్ధతి) డెవలపర్‌లో మామూలుగా 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు. మీ మాట విని వాళ్లు సాయం చేద్దామని టైమ్ తగ్గిస్తే, ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కున్నట్టే. "నార్మల్" అనండి, చాలు. డయల్ 200లో పెట్టి, మళ్లీ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌లో ప్లస్ వన్ (ఇంకో స్టాప్ ఎక్కువ) కూడా పెట్టకండి. ఫిల్మ్‌కేం కాదు గానీ షట్టర్ నెమ్మదించి ముఖం కదిలిపోతుంది. డబ్బా మీది కోడ్ చదువుకుని ఐఎస్‌ఓ తనే పెట్టుకునే కెమెరా అయితే ప్లస్ వన్ ఒక్కటే.

తెల్ల పంచె, సున్నం గోడ ఉన్నచోట మీటర్ మోసపోతుంది. ముఖం దగ్గరికెళ్లి, నీడ వైపు చెంప మీద కొలవండి. పట్టపగలు ఆకాశం బాగా కనిపించే వరండాలో నేనైతే మీటరే చూడను: షట్టర్ 1/250, అపర్చర్ ఎఫ్ 5.6.

అభ్యాసం: ఒకే మనిషి, ఒకే రోల్. నీడలో, వీపుకి ఎండ పెట్టి, కిటికీ పక్కన – మూడుచోట్లా అపర్చర్ కదపకుండా డయల్ 800, 400, 200, 100, 50 మార్చి, ప్రతిసారీ మీటర్ చెప్పిన షట్టర్‌తో తీయండి. ఫిల్మ్ ధర గుర్తొస్తే నన్ను తిట్టుకోండి. ప్రతి ఫ్రేమ్ నంబరూ పుస్తకంలో రాయాలి. 36 ఫ్రేముల రోల్‌లో పదిహేను అయ్యాక మిగిలిన ఇరవై ఒకటీ మీ ఇష్టం. ఏ ఫ్రేమ్‌లో జుట్టు మాయమైందో చూసి, ఆ నంబరు వచ్చే పాఠానికి సిద్ధంగా ఉంచుకోండి.