డిష్ ఎంత తిప్పినా క్వాలిటీ పెరగట్లేదా? ఫోకస్ దూరం కొలవండి

సమస్య: పాత 8 అడుగుల సీ-బ్యాండ్ డిష్ విప్పి మళ్లీ బిగించారు. రిసీవర్‌లో స్ట్రెంగ్త్ బాగానే ఉంది, క్వాలిటీ మాత్రం ఎక్కడం లేదు. డిష్‌ని అటూ ఇటూ జరిపినా అంతే.

కారణం: చాలాసార్లు దిశ సరిగ్గానే ఉంటుంది. ఎల్ఎన్‌బీ (సిగ్నల్ అందుకునే పరికరం) నాభి దగ్గర, అంటే డిష్ మీద పడ్డ సిగ్నల్ అంతా కలిసే ఫోకస్ దగ్గర, ఉండదు. ఎల్ఎన్‌బీని నిలబెట్టే కాళ్లు వేరే డిష్‌వి తెచ్చి తగిలిస్తే ఇదే జరుగుతుంది.

పరిష్కారం: అంచు నుంచి అంచుకి, సరిగ్గా మధ్య మీదుగా, దారం బిగించి కట్టండి. దారం నుంచి డిష్ అడుగుకి లోతు కొలవండి. పరావలయం సమీకరణంలో అంచు కొలతలు వేస్తే వచ్చేది ఇదే:

ఫోకస్ దూరం = వ్యాసం × వ్యాసం ÷ (16 × లోతు)

వ్యాసం 244 సెం.మీ., లోతు 40 సెం.మీ. అనుకుంటే 59,536ని 640తో భాగించాలి. 93 సెం.మీ. వస్తుంది. డిష్ అడుగు నుంచి అంత ఎత్తులో ఫీడ్ (ఎల్ఎన్‌బీ ముందుండే గొట్టం) మూతి ఉండాలి. నాభి మూతికి కొద్దిగా లోపల పడాలి కాబట్టి చివర్లో ఎల్ఎన్‌బీని కొంచెం కొంచెంగా ముందుకీ వెనక్కీ జరుపుతూ క్వాలిటీ ఎక్కువ ఉన్నచోట బిగించండి.

లోతు దగ్గర మాత్రం తొందర వద్దు. మధ్యలో ప్లేటు ఉంటే టేపు దాని మీద ఆగిపోతుంది, లోతు తక్కువ వస్తుంది. 40 బదులు 39 అని రాసుకుంటే ఫోకస్ 95.4 సెం.మీ. అవుతుంది. ఒక్క సెంటీమీటరు తప్పు రెండున్నర సెంటీమీటర్లకు దగ్గరవుతుంది. ప్లేటు మందం కలుపుకోండి.

ఫోకస్ దూరాన్ని వ్యాసంతో, అంటే 93ని 244తో భాగిస్తే 0.38. ఫీడ్ పక్కన ఈ నిష్పత్తికే 34, 36, 38 అని గీతలుంటే ఫీడ్ చుట్టూ ఉండే రింగుని 38 దగ్గర పెట్టండి.

లెక్క సరిపోయినా క్వాలిటీ రాకపోతే: మొదటి దారానికి అడ్డంగా రెండోది కట్టండి. మధ్యలో రెండూ ఒకదాన్నొకటి తాకాలి. సందు ఉంటే, లేదా ఒకటి రెండోదాన్ని నొక్కుతుంటే డిష్ మెలి తిరిగిందన్నమాట. అలాంటి డిష్‌కి ఒకే నాభి ఉండదు, ఏ లెక్కా పనిచేయదు. వెనక బోల్టులు వదులు చేసి, దారాలు తాకేదాకా అంచు సరిచేసి మళ్లీ బిగించండి. ఫీడ్ మూతి నుంచి అంచుకి నాలుగు వైపులా దూరం సమానంగా ఉందో కూడా చూడండి.

ఇంటి మీది చిన్న డీటీహెచ్ డిష్‌కి ఈ సూత్రం వాడకండి. అది పెద్ద పరావలయంలో ఒక పక్క కోసిన ముక్క. నాభి మధ్యకి ఎదురుగా ఉండదు. అక్కడ ఎల్ఎన్‌బీని పట్టుకునే చేయి వంగితే కొత్తది వేయడమే మంచిది.