ముందు సందు, తర్వాతే సీలెంట్

విశాఖలో సముద్రం వైపు గోడలకు వాన అడ్డంగా వచ్చి కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఊరు ఊరంతా ఆ సంగతి చూసింది. ఆ తర్వాత చాలాకాలం నా పనంతా ఒకటే: కిటికీల చుట్టూ, గోడ సందుల్లో పాత సీలెంట్ (నీరు దిగకుండా సందులో నింపే, రబ్బరులా సాగే ముద్ద) పీకించి కొత్తది పెట్టించడం.

ఎంవీపీ కాలనీలో ఒక ఐదో అంతస్తు ఫ్లాట్ నాకు బాగా గుర్తు. కిటికీ ఫ్రేము అంచున గోటితో గీరితే సీలెంట్ రిబ్బనులా మూరెడు పొడవు ఊడి చేతికొచ్చింది. తిప్పి చూస్తే వెనకాల అంతా సిమెంటు పొడి. అది గోడకు అంటుకోనే లేదు, గోడ మీది దుమ్ముకు అంటుకుంది. ఆ ఇంటాయన అప్పటికి మూడుసార్లు కొట్టించారు. ప్రతిసారీ ఖరీదైన ట్యూబే, ప్రతిసారీ పాతదాని మీదే.

"ఏ సీలెంట్ మంచిదండీ?" అని అందరూ అడుగుతారు. నేను ముందు సందు ఎంత వెడల్పు, దానికి అటూ ఇటూ ఏముంది అని అడుగుతాను. గోడలు కదులుతాయి. ఎండకు సాగుతాయి, చలికి ముడుచుకుంటాయి. కాంక్రీటు కంటే అల్యూమినియం రెట్టింపు సాగుతుంది. పడమటి గోడకు 3 మీటర్ల ముదురు రంగు ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండేది) ఉందనుకోండి. చలికాలం తెల్లవారుజాముకీ మే నెల మధ్యాహ్నానికీ షీటు వేడిలో 50 డిగ్రీల తేడా రావచ్చు. 3000 మి.మీ. × 0.000024 (డిగ్రీకి అల్యూమినియం సాగే వంతు) × 50 అంటే 3.6 మి.మీ. కదలిక. సీలెంట్ మీద ±25 అని రాసి ఉంటే, అది తన వెడల్పులో నాలుగో వంతు వరకే సాగుతుంది, నాలుగో వంతు వరకే నలుగుతుంది. 3.6ను 0.25తో భాగిస్తే 14.4 మి.మీ. బిగించడంలో వచ్చే తేడాలకు ఇంకో మూడు కలిపితే, సందు 17, 18 మి.మీ. ఉండాలి. అందం కోసం 8 మి.మీ. చాలని గీసిన డ్రాయింగులో ఏ సీలెంట్ పెట్టినా నిలవదు. ±50 రకం తీసుకుంటే 10, 11 మి.మీ. సరిపోతుంది. ఈ లెక్క ప్యానెళ్ళు కోయించకముందే వేసుకోవాలి.

సన్న పగుళ్ళకూ ఇదే లెక్క. "పగులు చిన్నదే కదా సార్, పైన రాసేస్తే పోద్ది" అని మేస్త్రి అంటాడు. పిల్లర్‌కీ ఇటుక గోడకీ మధ్య 0.2 మి.మీ. పగులు ఎండకు 0.5 అయిందంటే, అందులో ఉన్న సీలెంట్ రెండున్నర రెట్లు కావాలి. అది తెగిపోక ఏం చేస్తుంది? అదే పగులు వెంట కట్టర్‌తో 10 మి.మీ. గ్రూవ్ కొట్టి నింపితే, ఆ 0.3 కదలిక నూటికి మూడు వంతులే. అందుకే చిన్న పగులును ముందు వెడల్పు చేయాలి. గోడ పాడవుతుందని ఇంటివాళ్ళకు టెన్షన్ ఉంటుంది. వాళ్ళను కూర్చోబెట్టి ఈ లెక్క చెబితే ఒప్పుకుంటారు.

ఇక లోతు. ఎంత ఎక్కువ నింపితే అంత గట్టి అనుకుంటారు, అది తప్పు. లోతు వెడల్పులో సగం ఉండాలి, 6 మి.మీ.కు తగ్గకూడదు, 12 దాటకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి, సీలెంట్ రెండు పక్కలకే అంటుకోవాలి, అడుగుకు అంటుకోకూడదు. రబ్బరు బ్యాండును రెండు కొసలు పట్టుకుని లాగండి, హాయిగా సాగుతుంది. దాని నడుమంతా బల్లకు అంటించి లాగండి, చిరుగుతుంది. అందుకే అడుగున బ్యాకర్ రాడ్ పెడతాం. ఇది తెల్లటి ఫోమ్ తాడు. సందు కంటే నాలుగో వంతు ఎక్కువ లావుది తీసుకోవాలి, 12 మి.మీ. సందుకు 15 మి.మీ. తాడు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి తోయకండి. తాడుకు కన్నం పడితే లోపలి గాలి బయటికొచ్చి సీలెంట్‌లో బుడగలు లేస్తాయి. మొద్దుగా ఉన్న చెక్కముక్కతో నొక్కాలి. తాడు పట్టేంత లోతు లేకపోతే అడుగున పాలిథీన్ టేపు వేస్తే చాలు.

ఇప్పుడు ట్యూబు సంగతి. వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ బయటి గోడకు వద్దు. దాన్నుంచి వచ్చే యాసిడ్ సిమెంటును తింటుంది, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. అద్దం, అల్యూమినియం, ఏసీపీ అయితే ఆ యాసిడ్ రాని న్యూట్రల్ సిలికోన్. ఎండకు దానంత తట్టుకునేది లేదు కానీ పెయింట్ పట్టదు. ప్లాస్టరింగ్, కాంక్రీటు మీద రంగు వేయాల్సి ఉంటే పాలీయురెథేన్, లేదా సిలికోన్, పాలీయురెథేన్ గుణాలు కలిసిన హైబ్రిడ్. పాలీయురెథేన్ ఎండకు పొడి రాలుతుంది, అందుకే పైన సాగే గుణమున్న పెయింట్ వేయించాలి. గోడకు తాపడం చేసిన గ్రానైట్ క్లాడింగ్‌కు మరక పడని రకమే అడగండి. మామూలు సిలికోన్‌లోని నూనె రాయిలోకి దిగి అంచుల వెంట నల్లటి చార కడుతుంది, కడిగినా పోదు. యాక్రిలిక్ ఇంటి లోపలికే. 45 మీటర్ల కంటే పొడవైన బిల్డింగు సాగడానికి మధ్యలో వదిలే ఎక్స్‌పాన్షన్ జాయింటు సంగతి స్ట్రక్చరల్ ఇంజనీరుతో మాట్లాడి తేల్చుకోవాలి.

పనిలో తొందర పనికిరాదు. కొత్త ప్లాస్టరింగ్‌కు 28 రోజులు ఆగాలి. పాత సీలెంట్ పూర్తిగా కోసి తీసేయాలి. సిమెంటు అంచును వైరు బ్రష్‌తో రుద్ది, బ్లోయర్‌తో ఊదాలి. మా ఊళ్ళో అల్యూమినియం మీద ఉప్పుగాలి పొర కూడా ఉంటుంది. రెండు గుడ్డలు తీసుకోండి. ఒకదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడవాలి, అది ఆరిపోకముందే రెండో పొడిగుడ్డతో తుడిచేయాలి. ఒక్క గుడ్డతో అయితే మురికి అటునుంచి ఇటు జరుగుతుందంతే. సిమెంటుకు ప్రైమర్ రాసి, ఆరనివ్వాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు తడి ఆరాక పొద్దున పది గంటల వేళ మాకు అనువైన సమయం. రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి గన్‌తో నింపి, పొర కట్టేలోపు పుల్లతో లోపలికి నొక్కి నున్నగా లాగాలి. వేలు సబ్బునీళ్ళలో ముంచి రాసే అలవాటు మాన్పించండి. ఆ సబ్బు అంచుల్లోకి దిగి పట్టు చెడగొడుతుంది. టేపు వెంటనే పీకేయాలి.

మూడు వారాల తర్వాత ఒకచోట అడ్డంగా కోసి, రెండు అంచుల వెంట 50 మి.మీ. కోయండి. ఆ ముక్కను పట్టుకుని గోడకు లంబంగా, మీ వైపుకు లాగండి. సీలెంట్ తనలో తాను తెగితే పని బాగున్నట్టు. అంచు నుంచి శుభ్రంగా ఊడి వస్తే, మిగతాది కూడా అలాగే ఊడుతుంది. బిల్లు ఆపి మళ్ళీ చేయించండి.

కొలత కూడా చూసుకోండి. 12 వెడల్పు, 6 లోతు అంటే మీటరుకు 72 మి.లీ. 600 మి.లీ. సాసేజ్ (సీలెంట్ వచ్చే మెత్తటి పొడవాటి ప్యాకెట్) 8 మీటర్లు వస్తుంది. ఖాళీ సాసేజ్‌లన్నీ ఒక గోనెసంచిలో వేయమని మొదటి రోజే చెబుతాను, సాయంత్రం లెక్కపెట్టుకుంటాను. ఇరవై సాసేజ్‌లు పట్టాల్సినచోట పన్నెండే ఉంటే, మర్నాడు పొద్దున్నే కత్తి పట్టుకుని తాళ్ళకు వేలాడే క్రేడిల్ ఎక్కుతాను.