మెడికేర్ థెరపీ చెల్లింపును మనమే లెక్కగట్టుకోవడం ఎలా

అమెరికాలో మన పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవారికి మోకాలి ఆపరేషన్ అయినా, పక్షవాతం వచ్చినా, ఇంటికి చేరిన కొద్ది రోజులకే థెరపీ మొదలవుతుంది. తరువాత పెద్దవారి కోసం అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ పంపే సారాంశ పత్రంలో క్లినిక్ అడిగిన మొత్తం ఒకటి, మెడికేర్ ఒప్పుకున్న మొత్తం ఒకటి, మనం కట్టవలసింది మరొకటి కనిపించి ఇంటిల్లిపాదీ అయోమయంలో పడతారు. ఈ మూడు అంకెల వెనుక ఉన్న లెక్క కాగితం, కలం దగ్గర పెట్టుకుంటే ఎవరైనా చేసుకోగలిగినదే. ఇక్కడ చెబుతున్నది మెడికేర్‌లో డాక్టర్ల, క్లినిక్‌ల ఖర్చులు చూసే పార్ట్ బి కింద క్లినిక్‌కు వెళ్లి చేయించుకునే ఫిజికల్, ఆక్యుపేషనల్, స్పీచ్ థెరపీల గురించి మాత్రమే. ప్రైవేటు బీమా కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలు రేట్లను, నిబంధనలను వేరుగా పెట్టుకుంటాయి కనుక, ముందు మీ పెద్దవారి కార్డు ఏదో చూసుకోండి. 65 ఏళ్లు నిండి, గ్రీన్ కార్డుతో 5 ఏళ్లు ఎడతెగకుండా అక్కడ నివసించినవారు ప్రీమియం కట్టి పార్ట్ బిలో చేరవచ్చు.

లెక్క నిమిషాలతో మొదలవుతుంది. వ్యాయామం, చేతులతో కీళ్లను సడలించే చికిత్స వంటి వాటిని 15 నిమిషాల యూనిట్లుగా కొలుస్తారు. అయితే యూనిట్ లెక్కకు రావడానికి పూర్తిగా 15 నిమిషాలు కానక్కరలేదు. 8 నుంచి 22 నిమిషాల వరకు ఒక యూనిట్, 23 నుంచి 37 వరకు రెండు, 38 నుంచి 52 వరకు మూడు, 53 నుంచి 67 వరకు నాలుగు. ఉదాహరణకు థెరపిస్టు 24 నిమిషాలు వ్యాయామం, 16 నిమిషాలు చేతి చికిత్స చేశారనుకోండి. మొత్తం 40 నిమిషాలు కనుక మూడు యూనిట్లు వస్తాయి. ఒక్కొక్కదానికి పూర్తి 15 నిమిషాలు తీసేయగా వ్యాయామంలో 9 నిమిషాలు, చేతి చికిత్సలో 1 నిమిషం మిగులుతాయి కాబట్టి మూడో యూనిట్ వ్యాయామానికే చెందుతుంది. థెరపిస్టు రోగి పక్కనే ఉండి స్వయంగా చేయించిన సమయమే ఇందులో చేరుతుంది. కుర్చీలో కూర్చుని ఎదురుచూసిన సమయం చేరదు, వేడి కాపడం ప్యాక్‌కు మెడికేర్ విడిగా ఏమీ ఇవ్వదు. మొదటి రోజు చేసే పరీక్ష మాత్రం ఎంతసేపు పట్టినా ఒకే యూనిట్. నేను బిల్లింగ్ చూసే రోజుల్లో ఎక్కువ తగాదాలు ఇక్కడే పుట్టేవి. గంటసేపు క్లినిక్‌లో ఉండి వచ్చిన రోజున రెండు యూనిట్లే రాసి ఉండటమూ న్యాయమే కావచ్చు. ఇరవై నిమిషాలకు లేచి వచ్చిన రోజున మూడు యూనిట్లు కనిపిస్తే మాత్రం అడిగి తీరాలి.

తరువాత యూనిట్ ధర. ఒక్కో రకం చికిత్సకు బిల్లులో వేసే నంబరును కోడ్ అంటారు. ప్రతి కోడ్‌కూ మెడికేర్ మూడు విలువలు కడుతుంది: థెరపిస్టు శ్రమకు ఒకటి, క్లినిక్ నిర్వహణ ఖర్చుకు ఒకటి, వృత్తిపరమైన బాధ్యతా బీమాకు ఒకటి. వీటిని ఆర్‌వీయూలు అంటారు. ఒక్కొక్కదాన్నీ ఆ ప్రాంతపు ఖర్చుల సూచికతో గుణించి, మూడింటినీ కూడి, ఆ మొత్తాన్ని ఆ ఏటి కన్వర్షన్ ఫ్యాక్టర్‌తో గుణిస్తే డాలర్లు వస్తాయి. ఈ ఫ్యాక్టర్ 2020లో 36.0896 ఉండగా 2025 నాటికి 32.3465కు పడిపోయింది, 2026లో ఎక్కువమందికి వర్తించేది 33.4009. చిన్న క్లినిక్‌లను నమ్ముకుని పనిచేస్తున్న మన తెలుగు ఫిజియోథెరపిస్టులకు అద్దెలూ జీతాలూ పెరుగుతున్న కాలంలో ఈ తగ్గుదల ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు. మీ ప్రాంతపు ధర కోసం మెడికేర్ నడిపే సీఎంఎస్ వెబ్‌సైట్‌లో ఫిజీషియన్ ఫీ షెడ్యూల్ లుక్-అప్ టూల్ తెరిచి, సంవత్సరం, కోడ్, ప్రాంతం ఎంచుకోండి. వ్యాయామానికి కోడ్ 97110, చేతి చికిత్సకు 97140. థెరపీ ఆసుపత్రి ఔట్‌పేషెంట్ విభాగంలో జరిగినా చూడవలసింది నాన్-ఫెసిలిటీ ధరనే.

ఆ ధరను యూనిట్ల సంఖ్యతో గుణించి ఊరుకుంటే లెక్క తప్పుతుంది. 2013 ఏప్రిల్ 1 నుంచి, ఒకే రోజు చేసిన థెరపీలో నిర్వహణ ఖర్చు విలువ అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఒక్క యూనిట్‌కే పూర్తి ధర ఇస్తున్నారు. మిగిలిన ప్రతి యూనిట్‌కూ ఆ నిర్వహణ భాగంలో సగం కోస్తారు. ఒక కోడ్‌కు శ్రమ 0.45, నిర్వహణ 0.40, బీమా 0.01 అనీ, ప్రాంతపు సూచికలన్నీ 1 అనీ లెక్క కోసం అనుకుందాం. మొదటి యూనిట్‌కు 0.86ను 33.4009తో గుణిస్తే 28.72 డాలర్లు. రెండో, మూడో యూనిట్లకు నిర్వహణ 0.20కి తగ్గుతుంది కనుక ఒక్కొక్కదానికి 22.04 డాలర్లు. మూడూ కలిపి ఆ రోజుకు మెడికేర్ ఒప్పుకునేది 72.80 డాలర్లు.

2026లో ఏడాదికి 283 డాలర్ల డిడక్టిబుల్ ముందు మనమే కట్టాలి. అది తీరాక 72.80లో 20 శాతం, అంటే 14.56 డాలర్లు రోగి వాటా. మెడికేర్ వాటా 58.24. అందులోంచి సీక్వెస్ట్రేషన్ (ప్రభుత్వ ఖర్చుల కోత) పేరిట 2 శాతం తగ్గించి క్లినిక్‌కు పంపేది 57.08. చికిత్స చేసినది థెరపిస్టు కాక సహాయకులైతే, 2022 నుంచి మెడికేర్ తన వాటాలో 85 శాతమే ఇస్తోంది. ఈ కోత రోగి కట్టే 20 శాతాన్ని తగ్గించదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఒకటుంది. పక్షవాతం నుంచి కోలుకుంటున్న ఒక పెద్దాయనను, చేయి ఇంకా గ్లాసు పట్టుకోలేని దశలో, "లిమిట్ అయిపోయింది" అన్న ఒక్క మాటతో ఇంట్లోవాళ్లు థెరపీ మాన్పించడం నేను చూశాను. థెరపీకి ఏడాదికి ఇంతకు మించి ఇవ్వమన్న ఆ గరిష్ఠ పరిమితిని 2018లోనే చట్టం ద్వారా ఎత్తేశారు. ఇప్పుడున్నది ఒక గీత మాత్రమే: 2026లో ఫిజికల్, స్పీచ్ థెరపీలకు కలిపి 2,480 డాలర్లు, ఆక్యుపేషనల్ థెరపీకి విడిగా మరో 2,480. మనం కట్టిన వాటాతో సహా మెడికేర్ ఒప్పుకున్న మొత్తమంతా ఇందులో చేరుతుంది కాబట్టి, పై ఉదాహరణ ప్రకారం 34 సార్లు వెళ్లేసరికి గీత దగ్గరికి వస్తాం. దాన్ని దాటాక, చికిత్స ఇంకా వైద్యపరంగా అవసరమేనని రికార్డుల్లో కారణాలు రాసి, బిల్లుకు ఆ అవసరాన్ని ధ్రువీకరించే కేఎక్స్ మాడిఫయర్ అనే గుర్తు జతచేస్తే చెల్లింపు కొనసాగుతుంది. 3,000 డాలర్లు దాటిన బిల్లుల్లో కొన్నిటిని ఎంచి తనిఖీ చేయవచ్చు, అంతే. మెరుగుదల ఆగిపోయిందన్న కారణం ఒక్కటే చూపి నిరాకరించడం కూడా చెల్లదు. ఉన్న శక్తి జారిపోకుండా కాపాడటానికి థెరపిస్టు నైపుణ్యం అవసరమైతే మెడికేర్ ఇవ్వాలని 2013లో ఒక కోర్టు కేసులో కుదిరిన జిమ్మో ఒప్పందం స్పష్టం చేసింది.

కాబట్టి లిమిట్ అయిందన్న మాట వినిపించినప్పుడు, కేఎక్స్ మాడిఫయర్‌తో ఎందుకు కొనసాగించరో థెరపిస్టును నేరుగా అడగండి. అవసరం లేదని వారు భావిస్తే, మెడికేర్ ఇవ్వకపోవచ్చని తెలిపే ఏబీఎన్ పత్రాన్ని చికిత్సకు ముందే మీ చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. అది లేకుండా చేసిన చికిత్సను అవసరం లేదని మెడికేర్ తిరస్కరిస్తే, ఆ డబ్బు సాధారణంగా మీ నుంచి వసూలు చేయకూడదు. తిరస్కరణ కనిపించిన సారాంశ పత్రాన్ని పారేయకండి. అది అందిన 120 రోజుల లోపు అప్పీలు చేసుకోవచ్చు. ఎలా చేయాలో, ఎక్కడికి పంపాలో ఆ పత్రం చివరి పేజీలోనే ఉంటుంది.